పక్కనే ఇన్ని అభయారణ్యాలు పెట్టుకుని మనవాళ్ళు ఎందుకు పోవడం లేదు? జనాన్ని పిలవాలా, వద్దా?

బైరాగిపట్టెడ_వాసి | శుక్రవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. తిరుపతిలో మా అపార్ట్‌మెంట్లో సెలవులు వస్తే చాలు ఊటీ, కూర్గ్, మున్నార్ అంటారు. శేషాచలం కొండ మా మిద్దె మీద నుంచి కనిపిస్తుంది. దాని లోపల ఏముందో అడిగితే మాత్రం "ఎర్రచందనం" అన్న ఒక్క మాట తప్ప ఎవరి దగ్గరా జవాబు లేదు. మా వాడి స్నేహితుడు తొమ్మిదో తరగతి. "మన దగ్గర నేషనల్ పార్కు ఉందా అంకుల్, ఎక్కడ?" అన్నాడు. శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానం 1989 నుంచి ఉంది, సుమారు 353 చదరపు కిలోమీటర్లు. దాని చుట్టూ ఉన్న కొండలన్నీ కలిపి 2010లో శేషాచలం బయోస్ఫియర్ రిజర్వ్ చేశారు, రాష్ట్రంలో అదే మొదటిది. ఇవన్నీ ఆ పిల్లోడి పుస్తకంలో ఉన్నాయి, పరీక్షకు చదివాడు కూడా. ఆ పార్కు తన ఊరి పక్కనే ఉందన్న సంగతి మాత్రం తెలియదు.

అక్టోబర్ 2 నుంచి 8 దాకా వన్యప్రాణి వారోత్సవాలు కదా, అప్పుడు మా కాలనీ నుంచి ఒక బస్సు తీద్దామని ఉంది. ఎక్కడికి పోతే బాగుంటుంది? అడవి అంటే ఆసక్తి లేనివాళ్ళను ఎలా కదిలించాలి? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

మంగళం_మామ | శుక్రవారం, రాత్రి 9:52

తలకోన. వేరే ఆలోచనే వద్దు. 270 అడుగుల జలపాతం, రాష్ట్రంలో అంతకంటే ఎత్తైనది లేదు. పొద్దున్నే పోతే సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు.

నల్లకంటి_పిట్ట | శుక్రవారం, రాత్రి 10:31

దయచేసి పిలవద్దు. కోపంతో అంటున్నాను అనుకోకండి, చాలా ఏళ్ళుగా పక్షులు చూసేవాడిగా చెప్తున్నా. తలకోనకు ఆదివారం పోయి చూడండి. స్పీకర్ పెట్టుకుని డ్యాన్సులు, నీళ్ళలో షాంపూ ప్యాకెట్లు, బండ సందుల్లో సీసా ముక్కలు. కోతులు మనిషి చేతిలో కవర్ చూస్తే మీదికి వస్తున్నాయి, చిప్స్ తినడం వాటికి ఎవరు నేర్పారు? అడవికి జనం పోవడం లేదని మీరు బాధపడుతున్నారు. నాకైతే పోతున్నవాళ్ళే ఎక్కువ అనిపిస్తుంది. ఊటీ పోయేవాళ్ళను ఊటీ పోనివ్వండి.

మంగళం_మామ | శుక్రవారం, రాత్రి 10:36

అంటే నువ్వొక్కడివే చూడాలా అబ్బా?

నెరబైలు_దారి | శనివారం, ఉదయం 6:15

నేను తలకోన కింద ఊరివాణ్ణి. వన సంరక్షణ సమితి తరపున వచ్చినవాళ్ళకు దారి చూపిస్తుంటాను. పక్షుల సార్ చెప్పింది అబద్ధం కాదు, ఆ సీసాలు ఏరేది మేమే. కానీ జనం రాకపోతే అడవి బాగుంటుందనే మాట మాత్రం ఒప్పుకోను. మా ఊర్లో మా నాన్నల కాలంలో అడవి అంటే కట్టెలు, వెదురు. ఇప్పుడు గేటు దగ్గర టికెట్టు, వంట, గదులు, గైడు పని అని కొన్ని ఇళ్ళు దాని మీదే బతుకుతున్నాయి. ఎవడైనా గొడ్డలి తీసుకుని పోతే ఊర్లోనే అడుగుతారు, ఏందిరా అని. జనం రాని వైపు అడగడానికి ఎవరున్నారు?

గేటు లేకుండా, కూడా మనిషి లేకుండా వచ్చేవాళ్ళతోనే అసలు తంటా. బండి దిగేవాడు మొదట అడిగేది "పులి ఉందా?" అని. లేదంటే సగం ఉత్సాహం పోతుంది. పోయినసారి ఒక స్కూలు వాళ్ళు వస్తే జలపాతం కంటే ముందు ఎలుగుబంటి తవ్విన చెదపుట్ట చూపించాను. పుట్ట గట్టి సిమెంటులా ఉంటుంది, దాన్ని గోళ్ళతో తవ్వి, మూతి పెట్టి చెదలు పీల్చుకుంటుంది. పిల్లలు అక్కడి నుంచి కదల్లేదు. తర్వాత గిల్లతీగ. మనిషి నడుమంత లావు, ఏ చెట్టు మీద మొదలై ఏ చెట్టు మీద ముగుస్తుందో చెప్పలేం, కాయలు కత్తుల మాదిరి వేలాడతాయి. ఆ పిల్లలు మళ్ళీ పులి మాట ఎత్తలేదు. చూపించేవాడు ఉంటే చూసేవాడు మారతాడు సార్, ఇది నేను రోజూ చూస్తున్నా.

నల్లకంటి_పిట్ట | శనివారం, ఉదయం 7:02

అన్నా, మీలాంటి మనిషి ప్రతి గుంపుకూ ఉంటే నాకేం అభ్యంతరం లేదు. వారాంతంలో వచ్చే బండ్లన్నిటికీ సరిపడా గైడ్లు ఉన్నారా అక్కడ?

నెరబైలు_దారి | శనివారం, ఉదయం 7:10

లేరు సార్. అందుకే సోమవారం నుంచి శుక్రవారం లోపల రమ్మంటాను.

చెరుకుతోట_పలమనేరు | శనివారం, ఉదయం 11:20

మా వైపు మాట కూడా కొంచెం వినండి. కౌండిన్య అభయారణ్యం అని 1990లో పెట్టారు, పలమనేరు నుంచి కుప్పం దాకా, 357 చదరపు కిలోమీటర్లు. 1980ల్లో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులు ఇటు రావడంతోనే ఇది వచ్చింది. పేపర్లో "ఏనుగుల అభయారణ్యం" అని బొమ్మ వేస్తారు, అది చూసి బెంగళూరు నుంచి, చిత్తూరు నుంచి కార్లలో వస్తారు. వచ్చి చూసేది ఎక్కడనుకుంటున్నారు? అడవిలో కాదు, మా పొలాల్లో. ఏనుగు చెరకులో దిగిందని వాట్సాప్‌లో పడితే చాలు, గంటలో వందమంది. సెల్ ఫోన్ లైట్లు, కేకలు, ఈలలు. పటాకులు కాల్చి అడవి వైపు తోలుదామని ఫారెస్టు వాళ్ళు చూస్తుంటే, అడవి వైపు దారికి అడ్డంగా నిలబడి వీడియో తీస్తుంటారు. ఏనుగుకు వెనక్కి పోయే దారి లేక ఊరి మీదికి మళ్ళుతుంది. రాత్రికి వీడియో తీసినోడు ఇంట్లో ఉంటాడు, టమాటా తోటలో మేముంటాం.

కందకాలు తవ్వారు, సోలార్ కంచె వేశారు. కందకం వానకు పూడిపోతుంది, కంచె మీద ఏనుగు చెట్టు పడేసి దాటుకుంటుంది, అది మనకంటే తెలివైంది. 2025 మేలో కర్ణాటక వాళ్ళు కుంకీ ఏనుగులు ఇచ్చారు, మా పక్కనే ముసలిమడుగులో క్యాంపు పెట్టారు. ఊర్ల మీదికి వచ్చే అడవి ఏనుగుల్ని మళ్ళించడానికి శిక్షణ పొందిన ఏనుగులివి. మంచిదే.

కాబట్టి నా మాట ఒకటే. తలకోన లెక్క వేరు, మా లెక్క వేరు. "అభయారణ్యాలకు రండి" అని అందరికీ ఒకటే పిలుపు ఇస్తే మా కొంప మునుగుతుంది. ఏనుగులు చూడాలని మాత్రం ఎవర్నీ పిలవొద్దండి స్వామీ.

బైరాగిపట్టెడ_వాసి | శనివారం, మధ్యాహ్నం 12:05

అన్నా, మీరు చెప్పాక కౌండిన్య మా జాబితాలో లేదు. ఒక్కటి అడుగుతా, తప్పుగా అనుకోవద్దు. మావంటివాళ్ళు వచ్చి ఏనుగుల్ని కాకుండా మీ ఊర్లను చూసి, ఆ కందకం, ఆ కంచె, తొక్కిన తోట చూసిపోతే ఏమన్నా ఉపయోగమా?

చెరుకుతోట_పలమనేరు | శనివారం, మధ్యాహ్నం 12:40

ఎందుకు ఉండదు. నష్టపరిహారం కాగితాలు ఎట్లా తిరుగుతాయో పట్నంవాళ్ళకు తెలిస్తే మంచిదే కదా. మామిడి కోతలప్పుడు రండి, మధ్యాహ్నం పూట. తోతాపురి కాయ తిని పొండి. సాయంత్రం ఐదు తర్వాత మాత్రం ఎవరూ ఉండకూడదు.

బుల్లెట్_బండి | శనివారం, మధ్యాహ్నం 2:18

బ్రదర్స్, ఇవన్నీ ముసలోళ్ళ ట్రిప్పులు. నాగలాపురం కొండల్లో నీటి మడుగులు ఎక్కండి, చెన్నై కుర్రాళ్ళంతా అక్కడే. గూగుల్ మ్యాప్‌లో దారి ఉంది, గైడూ గీడూ ఏమీ అక్కర్లేదు.

చట్టం_తెలిసినోడు | శనివారం, మధ్యాహ్నం 3:00

తమ్ముడూ, మ్యాప్‌లో దారి ఉంటే అనుమతి ఉన్నట్టు కాదు. అవి రిజర్వు అడవులు, చెప్పకుండా లోపలికి పోతే 1967 నాటి రాష్ట్ర అటవీ చట్టం కింద కేసు పెడతారు. ఆ మడుగుల్లో ఈతకు దిగి మునిగిపోయినవాళ్ళ వార్తలు దాదాపు ప్రతి ఏడాదీ వస్తున్నాయి. అడుగున నున్నటి బండ, అంచు ఎక్కడుందో కనిపించదు, పైన వాన పడితే కింద ఉన్నవాడికి తెలియకుండానే నీళ్ళు పెరుగుతాయి.

ఇక అభయారణ్యాలు, జాతీయ ఉద్యానాల సంగతి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 27వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా లోపలికి పోకూడదు. అదే సెక్షన్లో జంతువుల్ని ఏడిపించడం, చెత్త వెయ్యడం కూడా నేరమే అని ఉంది. చిప్స్ కవర్ పారేస్తే మర్యాద తక్కువతనం అనుకుంటారు చాలామంది. జాతీయ ఉద్యానంలో అది చట్టాన్ని ఉల్లంఘించడం. 28వ సెక్షన్లో ఏయే పనులకు అనుమతి ఇవ్వొచ్చో రాశారు: చదువు, పరిశోధన, ఫోటోలు, పర్యాటకం. అంటే జనం రాకూడదని చట్టం అనడం లేదు, అడిగి రమ్మంటుంది. నల్లకంటి_పిట్ట గారూ, మీ వాదనకు చట్టం మద్దతు సగమే.

నల్లకంటి_పిట్ట | శనివారం, మధ్యాహ్నం 3:22

సగం ఇచ్చారుగా, సంతోషం.

ఇద్దరు_పిల్లల_తల్లి | శనివారం, సాయంత్రం 5:45

నాకు ఒకటే టెన్షన్. 2023లో అలిపిరి నడకదారిలో చిరుత ఆరేళ్ళ పాపను పట్టుకుపోయింది కదా. అప్పటి నుంచి మా అత్తగారు పిల్లల్ని కొండకు నడిపించడానికే ఒప్పుకోవడం లేదు. ఇప్పుడు అడవికి తీసుకెళ్తానంటే ఇంట్లో ఏమంటారు? నిజంగా భయం లేదని ఎవరైనా చెప్పగలరా?

నెరబైలు_దారి | శనివారం, సాయంత్రం 6:30

భయం లేదని ఎవరూ చెప్పకూడదు అక్కా. భయం దేనికో తెలిస్తే సగం జాగ్రత్త పడినట్టే. చిరుత తిరిగేది ఎక్కువగా సందెవేళ, రాత్రి, తెల్లవారుజామున. అప్పుడు చిన్నపిల్ల గుంపు నుంచి ముందుకో వెనక్కో పోకూడదు. ఆ ఘటన తర్వాత నడకదారిలో మధ్యాహ్నం రెండు దాటాక పిల్లల్ని పంపకపోవడం, చేతికి కర్ర ఇవ్వడం, గుంపులుగా నడిపించడం పెట్టింది అందుకే. తిండి పారేసిన చోటికి కుక్కలు, పందులు వస్తాయి, వాటి కోసం చిరుత వస్తుంది. జింకలకు, కోతులకు తిండి పెట్టొద్దని మేము మొత్తుకునేది కూడా ఇందుకే. పగటిపూట, మనిషి తోడుతో, పిల్లలు మధ్యలో. అంతే అక్కా.

ఏడోమైలు_తాత | శనివారం, రాత్రి 8:10

నాకు డెబ్బై దాటాయి, టైపింగ్ మనవరాలిది. మీరంతా అడవికి పోవడం కొత్తగా నేర్పించాల్సిన విద్యలా మాట్లాడుతున్నారు. మన ఊరివాళ్ళకు అది ఎప్పటి నుంచో ఉంది నాయనా. తిరుమలలో రామకృష్ణ తీర్థ ముక్కోటి పుష్య పౌర్ణమికి, తుంబురు తీర్థ ముక్కోటి ఫాల్గుణ పౌర్ణమికి. మామూలు రోజుల్లో ఎవరూ తొక్కని దారి. ఆ రోజున మాత్రం తెరుస్తారు. పెరుగన్నం మూట కట్టుకుని తెల్లారి బయల్దేరితే, లోయలో దిగి, రెండు కొండల నడుమ సందులో నడుచుకుంటూ పోయి, తీర్థంలో మునిగి, పొద్దు వాలే లోపల పైకి రావాలి. మా అమ్మ చెప్పులు లేకుండా పోయేది. దారిలో పేరు తెలియని చెట్టు ఉండేది కాదు ఆమెకు.

దాంట్లో ఏముందో చూడండి. రోజు నిర్ణయం, దారి నిర్ణయం, గుంపుగా పోవాలి, చీకటి పడకముందే తిరిగిరావాలి, మిగతా రోజులు అడవి అడవిదే. మీరు ఇప్పుడు గైడు, టికెట్టు, పరిమితి అంటున్నది ఇదే కదా. దేవుడి పేరు చెప్పి మన పెద్దవాళ్ళు ఎప్పుడో పెట్టారు.

చట్టం_తెలిసినోడు | శనివారం, రాత్రి 8:25

తాతగారూ, ఇక్కడి పోస్టులన్నీ చదివినా ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

నల్లకంటి_పిట్ట | శనివారం, రాత్రి 8:58

తాతగారి మాట ఒప్పుకుంటా, ఒక సవరణతో. ఇప్పుడు ముక్కోటికి మీ అమ్మగారి కాలం కంటే చాలా ఎక్కువ మంది వస్తున్నారు, అందరి చేతుల్లో ప్లాస్టిక్ సీసాలు. రోజు, దారి, వేళ పెట్టారు సరే. ఎంతమంది అన్నది కూడా పెట్టాల్సిందే. ఆ కొండల్లో బంగారు బల్లి ఉంది, తడి ఉన్న బండ సందుల్లోనే బతుకుతుంది. సైకస్ బెడ్డోమీ అని ఈత మొక్కలాంటిది ఉంది, మన తిరుపతి, కడప కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా అడవిలో పెరగదు. దారి తప్పి నలుగురు అటూ ఇటూ తొక్కితే పోయేవి ఇలాంటివే. పులి కనపడలేదని ఏడ్చేవాడికి అవి కాలికింద పడినా తెలియవు.

బుల్లెట్_బండి | శనివారం, రాత్రి 9:15

సరే సార్లూ, నాగలాపురం మాట వెనక్కి తీసుకున్నా. కడప వైపు కలివికోడి అని ఏదో ఉందంట, అదైనా చూడొచ్చా?

నల్లకంటి_పిట్ట | శనివారం, రాత్రి 9:40

దాన్ని చూడాలని మాత్రం పోవద్దు తమ్ముడూ. 1900 తర్వాత అంతరించిపోయిందనుకున్న పక్షి, 1986లో సిద్ధవటం దగ్గర మళ్ళీ దొరికింది. దాని జాడ తెలిసింది చదువుకున్నవాళ్ళ వల్ల కాదు, రాత్రిపూట అడవిలో తిరిగే స్థానిక వేటగాడి వల్ల. దాని కోసం తెలుగుగంగ కాలువ దారే మార్చారు. అలాంటి చోటికి టార్చిలైట్లు వేసుకుని అందరం పోతే ఇక చెప్పేదేముంది. కొన్నిటిని చూడకుండా ఉండటమే మనం చెయ్యగలిగింది.

గూడబాతు_దొరవారిసత్రం | ఆదివారం, ఉదయం 8:05

ఇన్ని మాటల్లో మా నేలపట్టు పేరు ఎవరూ ఎత్తలేదు! జిల్లాలు మార్చాక మేమూ తిరుపతి జిల్లానే, గుర్తుంచుకోండి. శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా వస్తే హైవే పక్కనే. చెరువులో నీళ్ళలో నిలబడ్డ చెట్లు, వాటి మీద గూడబాతుల (పెలికాన్ల) గూళ్ళు, ఒక్కో చెట్టుకు పదీ పదిహేను. చూడటానికి టవర్ ఉంది, నీడ ఉంది, ఎక్కువ నడక లేదు. ముసలివాళ్ళు, చంటిపిల్లలు కూడా రావొచ్చు. పిల్లల మేత కోసం తల్లిపక్షులు పులికాట్ దాకా ఎగిరిపోయి సంచి మూతి నిండా చేపలు తెస్తాయి. పిల్ల తల తల్లి గొంతులోకి పూర్తిగా దూర్చేసి తింటుంది, మొదటిసారి చూసేవాళ్ళు పిల్లను మింగేస్తోందనుకుని కేకలేస్తారు.

మా ఊర్లో ఈ పక్షుల జోలికి ఎవరూ పోరు. వాటి రెట్ట పడిన చెరువు నీళ్ళు పొలానికి పారితే ఎరువు బస్తాలు తగ్గుతాయి, ఇది మా తాతలు కనిపెట్టిన లెక్క. పక్షులు రాని ఏడాది పంట బాగుండదని కూడా అంటారు.

ఒక ముఖ్యమైన మాట. అక్టోబర్ మొదటి వారంలో బస్సు తీయకండి! వారోత్సవాలు క్యాలెండర్ చూసి పెట్టారు, పక్షులు వానను చూసి వస్తాయి. ఈశాన్య రుతుపవనాలు పడి చెరువు నిండాలి, అప్పుడే గూళ్ళు కడతాయి. మీ వాళ్ళు అక్టోబర్ 4న వచ్చి ఖాళీ చెట్లు చూసిపోతే మళ్ళీ జన్మలో రారు. డిసెంబర్, జనవరి మంచిది. అప్పటికి పిల్లలు గూళ్ళలో ఉంటాయి.

టీచర్_పీలేరు | ఆదివారం, ఉదయం 9:30

మా స్కూల్ పిల్లల్ని నేలపట్టు తీసుకెళ్ళిన అనుభవంతో చెప్తున్నా. ముందు పక్షుల పేర్ల పట్టిక ఇచ్చి గుర్తుపట్టమంటే ఎవరికీ పట్టలేదు, అది ఇంకో పరీక్ష అయిపోయింది. తర్వాత పట్టికలు పక్కన పెట్టించి, జట్టుకు ఒక చెట్టు ఇచ్చి, "మీ చెట్టు మీద అరగంటలో ఏమేం జరిగిందో రాయండి" అన్నాను. గూడు కోసం పుల్ల దొంగతనం చేసిన నీటికాకి, తరిమిన నత్తగుల్ల కొంగ, గొడవపడిన మొగుడూ పెళ్ళాలు... నవ్వుకుంటూ పేజీలకు పేజీలు రాశారు. పెద్దవాళ్ళకు కూడా ఇదే పని ఇవ్వండి. చేతిలో పని ఉంటే ఫోన్ బయటకు రాదు.

మంగళం_మామ | ఆదివారం, ఉదయం 9:41

అయితే ఫ్లెమింగో ఫెస్టివల్ రోజునే పోదాం, పాటలు, భోజనాలు, అన్నీ ఉంటాయి.

గూడబాతు_దొరవారిసత్రం | ఆదివారం, ఉదయం 10:20

మామా, ఫెస్టివల్ 2001లో మొదలైంది, మధ్యలో కొన్నేళ్ళు ఆగి 2025 జనవరిలో మళ్ళీ జరిగింది. పులికాట్‌లో రాజహంసలున్నాయని నలుగురికీ తెలిసింది దానివల్లే, అందుకని తప్పు పట్టను. కానీ స్టేజీ చూడాలంటే ఆ రోజు రండి, పక్షులు చూడాలంటే దానికి ఒక వారం ముందో వెనకో రండి. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు సరస్సు మధ్యలో నుంచే పోతుంది, పొద్దున్నే పోతే నీళ్ళలో గులాబీ రంగు గీత గీసినట్టు కనిపిస్తాయి. ఆ రంగు వాటి తిండిది, నాచు, చిన్న రొయ్యల నుంచి ఒంటికి పడుతుంది. బండి పక్కకు ఆపి అక్కడి నుంచే చూడాలి. దగ్గరికి పోదామని బురదలో దిగితే గుంపంతా లేచిపోతుంది, పాపం పొద్దుటి మేత పోయినట్టే.

ఇద్దరు_పిల్లల_తల్లి | ఆదివారం, ఉదయం 11:00

నేలపట్టుకైతే మా అత్తగారు కూడా వస్తానంటున్నారు! పొలానికి ఎరువు సంగతి చదివి వినిపించాను, అదే పట్టుకుంది. బైనాక్యులర్ కొనాలా?

నల్లకంటి_పిట్ట | ఆదివారం, ఉదయం 11:25

ఇప్పుడే కొనకండి. బస్సుకు రెండో మూడో ఉన్నా చాలు, నావి తెస్తాను. తర్వాత ఇష్టం పుడితే 8×42 అని రాసి ఉన్నది తీసుకోండి. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, 42 అంటే ముందు అద్దం మిల్లీమీటర్లలో. పెద్ద అంకె ఉంటే మంచిదని 20 రెట్లది కొంటారు చాలామంది, చెయ్యి వణుకుడుకు ఏమీ కనపడదు. ఇంకోటి, కళ్ళకు కొట్టని మట్టిరంగు బట్టలు వేసుకోమనండి, సెంటు, స్పీకర్లు వద్దు.

మంగళం_మామ | ఆదివారం, ఉదయం 11:31

జనాన్ని పిలవద్దన్నాయన బైనాక్యులర్లు కూడా తెస్తున్నాడు 😀

నల్లకంటి_పిట్ట | ఆదివారం, ఉదయం 11:36

ఒక్క బస్సే కదా. రెండో బస్సు తీస్తే నేను రాను.

బైరాగిపట్టెడ_వాసి | ఆదివారం, రాత్రి 9:10

ఇంటి దగ్గర మాట్లాడాను. అక్టోబర్‌లో బస్సు లేదు. ఆ వారంలో మా మిద్దె మీదే ఒక సాయంత్రం కూర్చుని, ఎదురుగా కనిపించే కొండలో ఏముందో చెప్పుకుంటాం. తిరుమల గోగర్భం, పాపవినాశనం డ్యాముల్లో నీళ్ళు, మా కొళాయికి వచ్చే కళ్యాణి డ్యామ్ నీళ్ళు ఈ అడవివేనని చెప్తే కొందరైనా వింటారని ఆశ. తాతగారూ, వీలైతే ముక్కోటి సంగతులు చెప్పడానికి మీరు రావాలి, కారు పంపిస్తా.

డిసెంబర్ రెండో శనివారం నేలపట్టు, ఒకే బస్సు, నలభై మంది. నేలపట్టు అన్నను అడిగి పక్షులు వచ్చాయని తేలాకే డబ్బు వసూలు చేస్తాం. తలకోన జనవరిలో, శుక్రవారం, రెండు జట్లుగా. నెరబైలు అన్నా, గైడ్లు ఎందరు కావాలో, వంట మీ ఊర్లోనే చేయించుకోవచ్చా చెప్పండి.

నెరబైలు_దారి | ఆదివారం, రాత్రి 9:48

చేయిస్తాం సార్. జట్టుకు ఒక మనిషి. రాగిసంగటి, నాటుకోడి పులుసు చెప్పమంటారా, లేక శాకాహారమా? ముందురోజు పెద్ద వాన పడితే గేటు మూసేస్తారు, ఫోన్ చేసి బయల్దేరండి.

ఏడోమైలు_తాత | ఆదివారం, రాత్రి 10:02

కారు వద్దు, ఆటోలో వస్తాను. మనవరాలు కూడా వస్తుంది.